పచ్చి రంగు మీద పసుపు

మొన్న ఆదివారం తాడేపల్లిగూడెంలో, కార్లకు రంగులు వేసే ఒక షెడ్డులో, ఒక పాత కారు ముందు నిలబడి నేను ఏడ్చినంత పని చేశాను. ఇనప డొక్కును చూసి ఏడుపేమిటి, ఈవిడకేమైనా పిచ్చా అని మీరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి. అక్కడి కుర్రాళ్ళు నీళ్ళు పోస్తూ బోనెట్ మీద ఎర్ర రంగును అరగదీస్తున్నారు. ఎరుపు కరిగి నేల మీద పారుతుంటే దాని కింద నుంచి మీగడ రంగు పొర బయటపడింది. ఆ మీగడ రంగు మధ్యలో అరచెయ్యంత స్వస్తిక్ గుర్తు, మసకగా, పసుపుపచ్చగా ఉంది. "ఇదేదో పాత మరకండీ, రెండు రుద్దులు రుద్దితే పోద్ది" అని కుర్రాడు గరుకు కాగితం అందుకున్నాడు. "ఒక్క నిమిషం ఆగు బాబూ" అన్నాను. ఆ మీగడ రంగు పనంతా నా చేతుల మీదుగా జరిగింది. ఆ పసుపు పెట్టింది మా బాబాయి. ఆయన నా పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని టీ ఊదుకుంటూ తాగుతున్నారు. పైకి చూడనైనా లేదు.

ఆ కారు ఇప్పుడు కిరణ్ అనే అబ్బాయిది. మండవల్లిలో చేపల చెరువులున్న ఒక ఆసామి కొడుకతను. తండ్రి పోయాక పాకలో మూలపడి ఉన్న కారును బయటికి తీయించి, తండ్రి ఎప్పుడో వేయించిన ఎరుపు తీసేసి, వాళ్ళింటికి వచ్చినప్పుడున్న రంగే వేయించాలని ముచ్చటపడ్డాడు. ఆ సంగతి మా బాబాయికి చెప్పాడు. బాబాయి నాకు ఫోన్ చేశారు. "అమ్మడూ, మన చెప్పుకారుకి మళ్ళీ రంగేస్తున్నారంట. చూసొద్దామా? నాకు బస్సెక్కే ఓపిక లేదు, నీ కారులో తీసుకెళ్తావా?" అన్నారు. ఆయనకు ఎనభై దాటాయి. నాకూ అరవై దగ్గరపడుతున్నాయి. అయినా ఆయన నోట 'చెప్పుకారు' అన్న మాట వినగానే, ఏలూరులో మా ఇంటి వెనక గోడౌను పక్కనున్న రేకుల పాక, అందులోని టర్పెంటైన్ వాసన ఒక్కసారిగా నా ముక్కుకు తగిలాయి.

చెప్పుకారని పేరు పెట్టింది మా మామ్మ, అంటే మా నాన్నగారి తల్లి. పెదవేగి వైపు ఒక జమీందారీ బంగళాలో సామాన్లు అమ్మేస్తుంటే తాతగారు మంచాలూ అద్దాలబీరువా కొనడానికి వెళ్ళి, వాటితోపాటు ఈ కారునూ తోలించుకొచ్చారట. విదేశీ స్పోర్ట్స్ కారు. పైకప్పు లేదు, రెండే సీట్లు, నేలకు ఆనినట్టు ఉంటుంది. మామ్మ దాన్ని చూసి "ఇదేం కారండీ, విడిచిన చెప్పులా ఉంది. నలుగురు ఎక్కడానికి లేదు, నాలుగు బస్తాలు వెయ్యడానికి లేదు" అని దులిపేసిందట. మాది వ్యాపారం చేసుకునే వైశ్యుల ఇల్లు. బస్తా ఎక్కని బండి మా ఇంట్లో ఎవరికీ అక్కర్లేదు. తాతగారు పోయేముందు ఆ డొక్కు చిన్నాడు తీసుకుంటాడులే అన్నారు కాబట్టి అది చిన్నకొడుకైన మా బాబాయిదైంది. ఏళ్ళ తరబడి పాకలో పడి ఉండి, దాని ఆకుపచ్చ రంగు పెచ్చులు లేచిపోయింది. కోళ్ళు పెంచుకునే ఇల్లయితే కోళ్ళు గుడ్లు పెట్టేవేమో, మా ఇంట్లో మాత్రం పిల్లి పిల్లల్ని పెట్టింది.

ముందు కొట్టు, వెనక ఇల్లు. కొట్లో మేకులు, గొలుసులు, బందులు, తాళాలు, రంగు డబ్బాలు. పొద్దున్నే నాన్నగారు తలుపులు తీసి, గుమ్మంలో నీళ్ళు చల్లించి, సాంబ్రాణి వేసేవారు. ఆ పొగ, ఇనుము వాసన, రంగుల వాసన కలిసి వంటింటి దాకా వచ్చేవి. మా బట్టలకూ పుస్తకాలకూ అదే వాసన. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల "మీ ఇంట్లో రోజూ పెళ్ళికి వెల్ల వేస్తారా?" అని అడిగేది. మామ్మ వరండాలో పీట మీద కూర్చుని, ముక్కుతోనే ఇల్లంతా కాపలా కాసేది. "ఎవర్రా అక్కడ వార్నీషు డబ్బా మూత తీశారు?" అని కూర్చున్న చోటు నుంచే కేకేసేది. ఆ కేక ఎన్నడూ తప్పలేదు.

బాబాయికి అప్పుడు నలభై ఏళ్ళుంటాయి. మాటకారి మనిషి. కొట్లో కూర్చుంటే అరగంటకోసారి లేచి బజారంతా ఒక చుట్టు చుట్టి వచ్చేవారు. నాన్నగారికి అది గిట్టేది కాదు. నాకు మాత్రం బాబాయంటే ప్రాణం. ఇంట్లో నన్ను మనిషిలెక్కన చూసి మాట్లాడింది ఆయనొక్కరే. ఇంటర్ పరీక్షలు అయిపోయిన వేసవిలో, నేను పెరట్లో కందిపప్పు చెరుగుతుంటే వచ్చి గట్టు మీద కూర్చున్నారు. "అమ్మడూ, మనిద్దరం చెప్పుకారుకి రంగేద్దామే. మెకానిక్కు ఇంజను బాగుచేస్తానన్నాడు. రంగు పూర్తయిన రోజున నీకు డ్రైవింగు నేర్పుతా. మొట్టమొదట కొల్లేటికోట అమ్మవారి దగ్గరికి నువ్వే నడుపుకుంటూ తీసుకెళ్ళాలి నన్ను. సరేనా?" అన్నారు. నేను చేట కింద పెట్టేశాను. ఆడపిల్ల సైకిలెక్కితేనే బజారు బజారంతా తలతిప్పి చూసే రోజులవి. సైకిలు అడిగినందుకే నాన్నగారు నాతో వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు. అలాంటిది కారు! స్టీరింగు పట్టుకుని మా కొట్టు ముందు నుంచే వెళ్ళాలని, నాన్నగారు తక్కెడ వదిలేసి చూడాలని, ఆ పూట నుంచే నాకు నిద్రలోనూ అదే కలవరింత. నాకు కావలసింది కారు కాదు. 'నువ్వూ నడపగలవు' అన్న ఆ మాట కావాలి. అది నాతో అంతకుముందు ఎవరూ అనలేదు.

మర్నాటి నుంచి పని మొదలు. మెకానిక్కు వారంలో ఇంజను బాగుచేసి వెళ్ళాడు. మొదట పాత ఆకుపచ్చ రంగు గీకేశాం. తుప్పు పట్టిన చోట్ల ఇనుము తెల్లబడేదాకా రుద్దాం. గుంటలు పడ్డ చోట లప్పం పెట్టాలి. అది ఆరాక నీళ్ళ బకెట్టు పక్కన పెట్టుకుని వాటర్ పేపరుతో, అంటే తడిపి వాడే గరుకు కాగితంతో, రుద్దాలి. కంటికి కనపడదు, కళ్ళు మూసుకుని అరచెయ్యి ఆనిస్తేనే ఎత్తుపల్లాలు తెలుస్తాయి. బాబాయి కాసేపు రుద్ది "అబ్బ, నడుం పట్టేసిందే" అని లేచిపోయేవారు. నేను లేచేదాన్ని కాదు. ఇంకో పక్క ఇంట్లో ఆవకాయల సందడి. అమ్మా మామ్మా ఆవపిండి కొడుతుంటే ఆ ఘాటు, మా పాకలోంచి థిన్నరు ఘాటు పెరట్లో ఎదురెదురుగా వచ్చి కలబడేవి. "ఒరేయ్ చిన్నాడా, ఈ యేడు నా ఆవకాయ తిన్నవాళ్ళు చుట్ట వెలిగిస్తే భగ్గుమంటారురా" అని మామ్మ గోల. రుద్దీ రుద్దీ నా వేళ్ళ కొసలు అరిగి ఎర్రబడ్డాయి. కొత్తావకాయ అన్నంలో చెయ్యి పెడితే ప్రాణం పోయినంత మంట. అమ్మ తిట్టుకుంటూనే ముద్దలు కలిపి నోట్లో పెట్టేది. "మగరాయుడిలా ఈ పనులేమిటే నీకు?" అనేది. రహస్యం కదా, నవ్వి ఊరుకునేదాన్ని. డ్రైవింగు సంగతి ఇంట్లో చెప్పొద్దని బాబాయి నాతో ఒట్టు వేయించుకున్నారు.

రంగు ఎంచింది నేనే. ఎరుపు వద్దన్నాను, నీలం వద్దన్నాను. పాలమీద మీగడ కట్టినప్పుడుండే రంగు కావాలన్నాను. కొట్లోని తెల్ల డబ్బాలో పసుపు రంగు చుక్కా, కావిరంగు చుక్కా కలుపుతూ, పాత రేకుముక్క మీద పూసి ఎండలో చూసి, మళ్ళీ కలిపి, నాకు నచ్చేదాకా బాబాయి ఓపిక పట్టారు. ఆ ఓపిక చూసి ఆయన్ను దేవుడనుకున్నాను. గన్నుతో రంగు కొట్టడానికి కూడా మా ఊళ్ళో వేళలున్నాయి. సాయంత్రం కొల్లేటి వైపు నుంచి తేమగాలి తిరిగిందంటే పచ్చి రంగు మీద పాలు ఒలికినట్టు తెల్లటి పొర కమ్ముతుంది. అందుకని పొద్దెక్కాక, దుమ్ము లేవకుండా నేలంతా నీళ్ళు చల్లి, గాలి తిరగకముందే ముగించాలి. గన్ను బాబాయి పట్టుకున్నారు, నేను గొట్టం పట్టుకుని ఆయన వెనక నడిచాను. ఆఖరి పూత ఆరుతున్నప్పుడు ఇద్దరం ముక్కుకు గుడ్డలు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాం. "ఇదిగో అమ్మడూ, నెల్లాళ్ళు దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు. పైకి ఆరినట్టుంటది గానీ లోపల పచ్చిగానే ఉంటది. వేలు పెడితే వేలిముద్ర ఉండిపోద్ది. నువ్వే కాపలా" అన్నారు.

కాపలా అంటే నేను నిజంగానే కాశాను. రంగు ఆరడానికి కారును తాడు కట్టి పాకలోంచి పెరట్లోకి లాగాం. గుడ్డ నేరుగా కప్పితే రంగుకు అంటుకుంటుందని వెదురు కర్రలతో చుట్టూ చట్రం కట్టి, తాతగారి పాత పంచెలు దాని మీద ఆరేశాం. పక్కనే మామ్మ వడియాలు పెట్టుకునేది. కాకులు వడియాల కోసం వచ్చి నా పంచెల మీద రెట్టలు వేసేవి. ఇద్దరం చెరో కర్రా పట్టుకుని తోలేవాళ్ళం. పొద్దునపూట మంచినీళ్ళలో తడిపి పిండిన మెత్తటి గుడ్డతో, ఒత్తకుండా, దుమ్ము మాత్రం ఎత్తేదాన్ని. పాలవాడు తొంగిచూడ్డానికి వస్తే వాడి మీద అరిచాను. అమ్మ చీరకొంగు తగులుతుందని అమ్మనే దూరంగా నడవమన్నాను. నాకు బుర్ర తిరిగిపోయిందని ఇంట్లో అందరూ తీర్మానించారు. తిరిగిపోతే పోనీ అనుకున్నాను.

ఇంకా నెల నిండలేదు. ఒక శుక్రవారం నేను తలంటు పోసుకుని జుట్టు తుడుచుకుంటూ పెరట్లోకి వచ్చేసరికి పంచెలు మడతపెట్టి అరుగు మీద ఉన్నాయి. కారు చుట్టూ జనం. తెల్లచొక్కా పెద్దమనిషి, ఆయన భార్య, పురోహితుడు, నాన్నగారు, మధ్యలో బాబాయి. చక్రాల కింద నిమ్మకాయలు. కొత్త బండికి మనం చేసే వాహనపూజే అది, తెలియందేముంది? కానీ మన బండికి వాళ్ళెవరు? బాబాయి చేతిలో తడిపిన పసుపు గిన్నె కనిపించింది. నేను జనాన్ని తోసుకుని వెళ్ళాను. "బాబాయ్, ఇంకా పచ్చిగా ఉంది. మీరే కదా ముట్టుకోవద్దన్నారు?" అన్నాను. ఆయన నా వైపు చూసి చక్కగా నవ్వారు. "శుభమా అని పూజ జరుగుతుంటే అడ్డం రాకూడదమ్మా" అన్నారు. రెండు వేళ్ళు గిన్నెలో ముంచి బోనెట్ మీద నింపాదిగా స్వస్తిక్ గీశారు. నాకు అప్పుడు తెలిసిపోయింది. తనదనుకున్న బండి మీద ఆయన ఆ వేళ్ళు పెట్టరు. ఆ రంగు ఏమైపోయినా ఆయనకిక ఫర్వాలేదు.

అక్కడితో ఆగలేదు. "కన్నెపిల్ల, హారతి అది పడితే మంచిది" అన్నది మామ్మ. నా చేతిలో పళ్ళెం పెట్టారు. కర్పూరం వెలిగించారు. నేను రుద్దిన రేకుల ముందు, నేను కలిపించిన రంగు ముందు, ఇంకెవరి చేతికో వెళ్ళిపోతున్న కారుకు నేనే హారతి ఇచ్చాను. ఆ పెద్దమనిషి కళ్ళకద్దుకుని పళ్ళెంలో నోటు వేశాడు. ఆయన స్టీరింగు ముందు కూర్చున్నాడు, బాబాయి పక్కన ఎక్కారు. నిమ్మకాయలు చితికాయి. కారు మా కొట్టు ముందు నుంచే వెళ్ళింది. నాన్నగారు వాకిట్లోకి వచ్చి మరీ చూశారు.

సాయంత్రం బాబాయి తిరిగొచ్చి, అలిగి అటక కింద కూర్చున్న నన్ను బుజ్జగించారు. "ఆయన మండవల్లిలో పెద్ద ఆసామమ్మా. రంగేసిన కారు కళ్ళబడింది, ముచ్చటపడి అడిగాడు. అంత పెద్దమనిషి ఇంటికొచ్చి అడిగితే కాదనలేకపోయాను. నాకు మాత్రం బాధ లేదనుకున్నావా?" అన్నారు. ఆయన కళ్ళు కూడా చెమర్చాయి. నేను నమ్మాను. నమ్మడమే కాదు, ఆయన మీద జాలిపడ్డాను. కొద్ది నెలల్లో ఆ ఆసామి చెరువుల్లో బాబాయి భాగస్తుడయ్యారని తెలిసింది. వెల్లుల్లి కూడా వండని ఇంట్లోంచి చేపల వ్యాపారం! నాన్నగారు నిప్పులు చెరిగారు. మామ్మ అయితే, ఆయన మండవల్లి నుంచి వచ్చినప్పుడల్లా పెరటి నూతి దగ్గర నెత్తి మీద నీళ్ళు పోసుకుంటే గానీ గడప తొక్కనిచ్చేది కాదు. అప్పుడు కూడా ఆయన పక్షాన మాట్లాడింది నేనే. తరవాత చదువుకున్నాను, పంతులమ్మనయ్యాను, నలభై దాటాక ఒక డ్రైవింగు స్కూల్లో చేరి నా డబ్బులతో నేనే నేర్చుకున్నాను. ఎప్పుడైనా ఆ వేసవి గుర్తొస్తే, పాపం ఆయన నాకు నేర్పాలనే అనుకున్నారు, పరిస్థితి అలా వచ్చింది అని సర్దిచెప్పుకునేదాన్ని. మా పిల్లలకు కూడా అలాగే చెప్పాను.

మొన్న షెడ్డులో అబ్బురంగా అన్నీ చూశాను. రంగు కొట్టడానికి వాళ్ళకు అద్దాల గది ఉంది, దుమ్ము పీల్చుకునే ఫ్యాన్లున్నాయి, కొల్లేటి గాలితో పనిలేదు. ఆ మీగడ రంగులో ఏమేం కలిపామో చెబుదామని దారిపొడుగునా గుర్తుచేసుకుంటూ వచ్చానా, ఆ కుర్రాడు ఫోనంత యంత్రాన్ని ఆ పొర మీద ఆనించగానే లెక్కంతా అదే చెప్పేసింది. నన్ను అడిగే అవసరమే రాలేదు. రంగు మీద సిరామిక్ కోటింగు వేస్తారట, దాని మీద కంటికి కనిపించని ఫిల్ము అతికిస్తారట. "కాకి రెట్ట పడినా తుడిస్తే పోద్దండీ. పూజ మాత్రం అద్దం మీదే చేసుకోండని చెప్తామండీ" అన్నాడు నవ్వుతూ. మాకు ఉన్నది పాత పంచెలూ, నేనూ. ఆ ఫిల్ము చెయ్యగలిగిన పనంతా నేను చేశాను.

అప్పుడే కిరణ్ టీ గ్లాసు పట్టుకొచ్చి బాబాయి పక్కన కూర్చున్నాడు. "మా నాన్నగారు ఈ తాతగారి గురించి ఎప్పుడూ చెప్పేవారండీ" అని బాబాయిని చూపిస్తూ నాతో అన్నాడు. "శివరాత్రికే మాట అయిపోయిందంటండీ. కారిస్తే చెరువుల్లో వాటా ఇస్తానని నాన్నగారన్నారంట. ఇలా డొక్కుగా ఇవ్వడం మర్యాద కాదు, వేసవిలో రంగేసి ఇస్తానని తాతగారన్నారంట. అన్నట్టే ఇచ్చారండీ. అంత మాట మీద నిలబడే మనిషి లేడనేవారండీ మా నాన్నగారు." బాబాయి మురిసిపోయారు. "అవునయ్యా! ఆ యేడు ఎండలు చూడాలి. ఒక్కణ్ణే, వేళ్ళు అరిగిపోయేలా రుద్దాననుకో" అన్నారు. నేను అక్కడే ఉన్నాను. ఆయనకు నేను కనిపిస్తూనే ఉన్నాను. మాటవరసకైనా నా వైపు చూపించలేదు. శివరాత్రికే! నా పరీక్షలు అప్పటికి మొదలే కాలేదు. గట్టు మీద కూర్చుని నాకు ఆ మాటిచ్చేనాటికే కారు ఆయనది కాదు.

తిరుగు ప్రయాణంలో ఆయన జంతికలు నములుతూ కిరణ్ మంచితనం పొగుడుతున్నారు. భీమడోలు దాటాక నేను అడిగాను. "బాబాయ్, కారు ఇచ్చేస్తానని ముందే మాటిచ్చి, మళ్ళీ నాకు డ్రైవింగు నేర్పుతానని ఎందుకు చెప్పారు?"

"ఎప్పుడే?"

"ఆ వేసవిలో. కందిపప్పు చెరుగుతుంటే."

మరిచిపోయానంటారేమో, అనకూడదా దేవుడా అనుకున్నాను. ఆయన నా వైపు తిరిగి, ఎంతో ఆప్యాయంగా నవ్వారు. "గుర్తుందే పిచ్చిపిల్లా! ఎందుకు గుర్తులేదు? ఆ మాట అనకపోతే నువ్వు అంత పని చేసేదానివా? కూలోడెవడు చేస్తాడే ఆ పని? అద్దంలా తేల్చావు కదూ రంగుని. ఆసామి చెయ్యి వేసి చూసి అక్కడికక్కడే ఫ్లాటైపోయాడు."

"మోసం చేశారు బాబాయ్ నన్ను."

"మోసమేంటమ్మా పెద్ద మాట! చిన్నపిల్లవి, సరదాకి ఏదో అన్నాను. అయినా ఇప్పుడు నడుపుతున్నావు కదా, చక్కగా" అని ఇంకో జంతిక తీసుకున్నారు.

కారు పోయిందని ఏడ్చిన ఏడుపు నాకెప్పుడో ఆరిపోయింది. కారు పోయినా ఆ వేసవి నాదే అనుకుంటూ బతికాను. నన్ను పెద్దదాన్నిగా చూసిన మనిషి ఒకరున్నారని, ఆయన పక్కన కూర్చుని పని చేసిన రోజులు నిజమని అనుకుంటూ బతికాను. ఆయన దాన్ని కూడా లాక్కున్నారు, నవ్వుతూ, మెచ్చుకుంటూ. తిట్టినా బాగుండేది.

ఏలూరులో వాళ్ళింటి ముందు కారు ఆపాను. ఆయన గుండె దగ్గర సీటు బెల్టు పట్టుకుని అటూ ఇటూ లాగారు. వేళ్ళు వణుకుతాయి కదా, ఎప్పుడెక్కినా అది నేనే వంగి తీస్తాను. ఆ అలవాటుతో నా చెయ్యి సగం దాకా వెళ్ళింది. వెనక్కి తీసుకుని స్టీరింగు మీద పెట్టుకున్నాను. "అమ్మడూ, ఇది రావట్లేదే" అన్నారు. "పక్కన ఎర్ర బొత్తాం ఉంటుంది, చూసి నొక్కుకోండి" అన్నాను, అద్దంలోంచి ఎదురుగా రోడ్డు చూస్తూ. ఆయన వెతుక్కుంటూనే ఉన్నారు. నేను ఇంజను ఆపలేదు.